ప్లాస్టర్ తీసినా కుక్కపిల్ల కాలు ఆనించడం లేదా? పరుగుకు ముందు మెల్లని నడక కావాలి

చిత్తూరు నుంచి అడిగినవారికి. మీ పది నెలల చిప్పిపారై జాతి వేటకుక్కకు వెనక కాలు విరిగిందనీ, ప్లాస్టర్ తీసి వారమైనా మూడు కాళ్ల మీదే గెంతుతోందనీ, తొడ సన్నబడిపోయిందనీ, మళ్లీ ఎప్పుడు పరుగెత్తనివ్వాలనీ రాశారు. మాది చంద్రగిరి దగ్గర. మా కుక్క బ్లాకీ, అదీ కన్ని అనే వేటకుక్క జాతే, ఏడాది నిండకముందే మామిడితోట కంచె దూకబోయి వెనక కాలు విరగ్గొట్టుకుంది. ఇప్పుడు తోటంతా చుట్టబెట్టి వస్తోంది. నేను డాక్టర్‌ని కాను. దగ్గరుండి చూసుకున్నప్పుడు నాకు తెలిసింది, తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పింది కలిపి రాస్తున్నాను.

ముందు ధైర్యంగా ఉండండి. చిన్న వయసు కుక్కల్లో ఎముక మామూలుగా నెల, రెండు నెలల్లో అతుక్కుంటుంది. కట్టులో ఉండి కరిగిపోయిన కండ తిరిగి పట్టడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. కీలు కూడా బిగుసుకుపోయి ఉంటుంది. వారానికే కాలు ఆనించలేదని టెన్షన్ వద్దు. అయితే ప్లాస్టర్ తీసినప్పుడు ఎక్స్‌రే తీశారా? తీయకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అది తీయించండి. కాలు వాచినా, వేడిగా ఉన్నా, తాకితే అరిచినా, నిన్న ఆనించిన కాలు ఇవాళ పూర్తిగా ఎత్తేసినా ఆ రోజే తీసుకెళ్లాలి.

ఇంకో చిన్న సంగతి, చాలామంది చూడరు. ఇన్నాళ్లూ నడవక గోళ్లు పెరిగిపోయి ఉంటాయి. గోరు నేలకు తగిలి వేలు పైకి లేస్తుంటే కుక్క పాదం సరిగా మోపలేదు. వేళ్ల సందుల్లో పుండు ఉందేమో, ముల్లు దిగిందేమో కూడా చూడండి. అలాగే ఇంట్లో గ్రానైటో, టైల్సో ఉంటే అది తిరిగే దారిలో గోనెపట్టలో, పాత చాపలో పరవండి. ఒకసారి కాలు జారిందంటే ఆ భయంతోనే మళ్లీ ఎత్తేసుకుంటుంది.

ఇక అసలు మందు మెల్లని నడక. మెల్లగా అంటే, మనకే విసుగొచ్చేంత మెల్లగా. వేగంగా నడిచినప్పుడు వేటకుక్క ఆ కాలును పొట్ట కిందికి లాక్కుని మూడు కాళ్ల మీద హాయిగా పోతుంది. మెల్లగా నడిపిస్తే బరువు మోపక తప్పదు. మాకు చెప్పింది మొదట్లో పూటకు అయిదు నిమిషాలు, రోజుకు మూడు పూటలు. ఆ తర్వాత కాలు తీరు చూసి వారం వారం కొద్దిగా పెంచడం. మీ డాక్టర్ ఎంత చెబితే అంత, ఒక్క నిమిషం కూడా ఎక్కువ వద్దు. గట్టి మట్టి బాట మీద నడిపించండి. స్వర్ణముఖి ఇసుకలాంటి మెత్తటి చోట్లు తర్వాత సంగతి, ఇప్పుడే దించితే కాలు మెలిపడుతుంది. మన వైపు ఎండల గురించి చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున, పొద్దుగూకాకే బయటికి తీయండి.

కోలుకుంటోందో లేదో మాకు వాకిలే చెప్పింది. మా అవ్వ పొద్దున్నే కళ్లాపి చల్లాక బ్లాకీని ఆ తడి మీద ఒకసారి నడిపించేవాణ్ణి. మొదట్లో మూడు పాదాల అచ్చులు లోతుగా పడేవి, నాలుగో దాని చోట రెండు గోళ్ల గీతలు మాత్రమే. కొన్నాళ్లకు వేళ్ల మెత్తలు పడ్డాయి. ఆ తర్వాత వెనకాల ఉండే పెద్ద మెత్త కూడా పడింది. వెనక పాదాలు రెండూ ఒకే లోతులో పడేదాకా నేను దాని తాడు వదల్లేదు. దీంతోపాటు దర్జీ టేపుతో రెండు తొడలనూ ఒకే ఎత్తులో కొలిచి క్యాలెండర్ మీద రాసుకోండి. కంటికి కనపడని తేడా అక్కడ తెలుస్తుంది.

ఇంట్లో చేయించేవి కూడా ఉన్నాయి, డాక్టర్ సరే అంటేనే. గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టి, పక్కకు పడుకోబెట్టి, కాలును సైకిల్ తొక్కుతున్నట్టు నిదానంగా ముడిచి చాపాలి. చెవులు వెనక్కి పోయాయన్నా, మూతి మీ చేతి వైపు తిప్పిందన్నా అక్కడితో ఆపేయండి. నిలబడి ఉన్నప్పుడు బాగున్న వెనక కాలును రెండు మూడు క్షణాలు పైకి ఎత్తితే బరువు ఈ కాలి మీదికి వస్తుంది. ఉడికించిన గుడ్డు ముక్క చూపించి కూర్చోబెట్టడం, లేపడం కూడా తొడకు మంచి పని. ఇవన్నీ కొంచెం కొంచెంగా చేయాలి.

మిగతా సమయమంతా కట్టడి. పరుగుకు పుట్టిన కుక్కను గదిలో ఉంచడం మనకూ బాధే, నాకు తెలుసు. అయినా పెరట్లో పొడవాటి గొలుసుతో మాత్రం కట్టకండి. పిల్లి కనబడితే ఉరికి, గొలుసు చివర ఒక్క కుదుపుతో ఆగుతుంది, ఆ దెబ్బంతా కాలి మీదే. మంచం ఎక్కనివ్వకండి, మెట్లు ఎక్కనివ్వకండి. ఈ జాతులకు తల సన్నం, మెడ బలం, మామూలు పట్టాలోంచి తల లాగేసుకుంటాయి. వెడల్పాటి పట్టాగానీ, ఒంటికి వేసే బెల్టుగానీ వాడండి. ఊసుపోక అరుస్తుంటే గోనెసంచి మడతల్లో తిండి దాచి వెతకనివ్వండి. ముక్కుతో పని చేస్తే అలిసిపోయి పడుకుంటుంది.

పరుగూ ఆటా లేని రోజులకు తగ్గట్టు తిండి కాస్త తగ్గించండి. సంగటి, గుడ్డు, మాంసం సరిపోతాయి. ఎముక త్వరగా అతుక్కుంటుందని కాల్షియం టానిక్ సీసాలకు సీసాలు పోస్తారు. ఎదిగే కుక్కకు కాల్షియం ఎక్కువైతే ఎముకల ఎదుగుదలే చెడుతుంది. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ఎంత మాత్రం ఇవ్వకండి, ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్ ఇచ్చిన నొప్పి మాత్ర వేసిన రోజు కూడా జాగ్రత్త, నొప్పి తెలియక అది ఉరకబోతుంది.

విరిగిన ఎముకలకు నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు వేయించమని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మా ఇంట్లోనూ అన్నారు. పుత్తూరు మీద నాకు గౌరవమే, మా బంధువులు ఎందరో అక్కడికి వెళ్లొచ్చారు. కానీ కట్టు బిగుసుకుందని మనిషి చెప్పగలడు, కుక్క చెప్పలేదు. పైగా ఈ వయసులో ఎముక చివర్లలో ఎదిగే భాగం ఇంకా మెత్తగానే ఉండొచ్చు. దెబ్బ అక్కడ తగిలి ఉంటే కాలు వంకరగానో, పొట్టిగానో ఎదగొచ్చు. అది చేత్తో తడిమితే దొరకదు, ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. ఒకవేళ ఆపరేషన్ మాట వస్తే, ఇది సన్నని ఒళ్లుండే వేటకుక్క (సైట్‌హౌండ్) జాతి అని డాక్టర్‌కు ముందే గుర్తు చేయండి. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి థయోపెంటోన్ లాంటి మందు ఇస్తే వీటికి మత్తు తొందరగా వదలదు, వేరేది ఎంచుకుంటారు.

పరుగు ఎప్పుడంటారా? ఎక్స్‌రే బాగుండాలి, మెల్లని నడకలో కుంటు కనబడకూడదు, రెండు తొడల కొలతలూ దగ్గరకు రావాలి. అప్పుడు తాడుతోనే చిన్న జాగింగ్. అది కుదిరాక కంచె ఉన్న చోట, ఇంకో కుక్క లేకుండా, తిన్నగా కాసేపు. గిరుక్కున తిరగడాలు, గట్లు దూకడాలు అన్నిటికంటే చివర. కుందేళ్ల వెంట మాత్రం బాగయ్యాక కూడా వదలకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, ఆ ఉరుకుల్లోనే ఇలాంటి కాళ్లు విరుగుతున్నాయి కూడా.

ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంటి దగ్గర దాని నడకను వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి. అక్కడ భయానికి బిగుసుకుపోయి ఏ కుక్కా మామూలుగా నడవదు. వీడియో చూస్తే కాలు ఎక్కడ ఎత్తేస్తోందో డాక్టర్‌కు తెలుస్తుంది.