మాత్రలు ఆపి ఇంజెక్షన్లకు డబ్బు దాచుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. యూవియైటిస్ (కంటి లోపలి వాపు) వల్ల కుడికంట్లో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పెరిగాయన్నారు. రెండు ఇంజెక్షన్లు అయ్యాయి, చూపు కాస్త మెరుగైంది. ఇమ్యూనిటీని అణిచే మెథోట్రెక్సేట్ మాత్రలు కూడా వాడుతున్నాను. డబ్బుకు ఇబ్బందిగా ఉంది. మాత్రలు, రక్తపరీక్షలు మానేసి ఆ సొమ్ము ఇంజెక్షన్లకు దాచుకోనా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. డబ్బు కోణంలో చూసినా అది నష్టమే. ఇంజెక్షన్ రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుని, పెరిగిన నాళాల నుంచి నీరు, రక్తం కారకుండా చూస్తుంది. ఆ నాళాలను పుట్టించిన వాపును అదుపులో పెట్టేవి మీ మాత్రలు. అవి ఆపితే వాపు తిరగబెట్టవచ్చు, నాళాలు మళ్లీ కారవచ్చు. అప్పుడు ఖరీదైన ఇంజెక్షన్ల లెక్క మళ్లీ మొదలవుతుంది. వాపు అణిగి ఉంటే చాలామందికి కొద్ది ఇంజెక్షన్లతోనే సరిపోతుంది. రక్తపరీక్షలు కూడా మానకండి, ఆ మందు కాలేయాన్ని, రక్తకణాలను దెబ్బతీస్తే ముందుగా పట్టిచ్చేవి అవే.

మాత్రలు, పరీక్షలు, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ల ఖర్చును ఇంటి అద్దెలాగే నెల మొదట్లోనే పక్కన పెట్టండి. ఇంకో రెండు ఇంజెక్షన్లకు సరిపడా సొమ్ము అడిగిన రోజే చేతికొచ్చే ఖాతాలో ఉండాలి. ఒకరోజు పొద్దున్నే ఎడమకన్ను మూసుకుని చూస్తే తలుపు అంచు వంకరగా కనిపించిందనుకోండి, నాళాలు మళ్లీ కారుతున్నాయనడానికి అది గుర్తు కావచ్చు. అప్పుడు డిపాజిట్ గడువు తీరేదాకా ఆగే వీలుండదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ సొమ్ము జమయ్యేవరకు దీర్ఘకాల పెట్టుబడుల్లో కొత్తగా వేయడం ఆపండి. పాతవాటిని మాత్రం కదపకండి, 34 ఏళ్లకు వాటి అవసరం ఇంకా చాలా ఉంది.

ఏ మందు వేస్తున్నారో కూడా అడగండి. ఈ ఇంజెక్షన్లలో ఒకటైన బెవాసిజుమాబ్ నిజానికి 2004లో క్యాన్సర్‌కు అనుమతి పొందిన మందు. కంటికి చిన్న మోతాదు చాలు కాబట్టి ఇదే పని చేసే రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ ఇంజెక్షన్ల కంటే చాలా చవకగా పడుతుంది. మీ కంటికి అది సరిపోతుందో లేదో డాక్టరే తేల్చాలి. పెద్ద సీసాలోంచి శుభ్రమైన వాతావరణంలో చిన్న మోతాదులుగా విడదీసి నింపినదేనా అని కూడా కనుక్కోండి. ఇక్కడ ఆదాకు చూసుకుంటే ఇన్‌ఫెక్షన్‌తో కన్నే పోవచ్చు.

ఇన్సూరెన్స్ ఉంటే రెండు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి: రాత్రి ఆసుపత్రిలో ఉండకుండా వేసే ఇంజెక్షన్‌కు డబ్బు ఇస్తారా, అనుమతి ఉన్న జబ్బుకు కాకుండా వేరేదానికి వాడే మందుకు ఇస్తారా? ఫోన్లో ఎవరో సరేనన్నారని ధీమాగా ఉండకండి.

ఇన్ని చేసినా మాత్రలు కొనలేని నెల వస్తే, మానేసే ముందే డాక్టర్‌కు చెప్పండి. డబ్బు లేదని చెప్పడానికి మొహమాటపడకండి.