గ్లైడర్ ట్రైలర్ లోపల స్టెప్నీ ఎక్కడ, ఎలా బిగించాలి?

బెంగళూరు జక్కూరు నుంచి పుణె దాకా గ్లైడర్‌ను (ఇంజను లేని విమానం) రెక్కలు విప్పి ట్రైలర్‌లో తీసుకెళ్ళాలి, స్టెప్నీని లోపల ఓ మూల తాడుతో కట్టేస్తే చాలదా అని అడిగారు. చాలదండి. ఆ మూలకు జానెడు దూరంలో ఫైబర్ రెక్క నిలబడి ఉంటుంది. పదిహేను కిలోల చక్రం ఒక్కసారి దొర్లి దానికి కొట్టుకుందంటే, ట్రైలర్ దెబ్బ తినకుండా పుణె చేరినా గ్లైడర్ ఎగరదు.

చోటు వెతికేటప్పుడు గ్లైడర్‌ను పూర్తిగా ఎక్కించి టేపు పట్టండి. ఖాళీ ట్రైలర్‌లో కొలిస్తే మోసపోతారు. రెక్కల డాలీలు (రెక్కను మోసే చక్రాల స్టాండ్లు) ఏ దారిన దొర్లుతాయో అప్పుడు కనిపించదు. మామూలుగా ఖాళీ దొరికేది సన్నటి తోక భాగం కింద, రెండు రెక్కల మధ్య నేల మీద. అందులోనూ ఇరుసుకు ముందువైపు ఉండాలి. ట్రైలర్‌ను కారుకు తగిలించే హుక్కు నుంచి ఇరుసుకు 5 మీటర్లనుకుందాం. 15 కిలోల స్టెప్నీని ఇరుసుకు 3 మీటర్ల ముందు పెడితే హుక్కు మీద 9 కిలోలు పెరుగుతుంది. 2 మీటర్ల వెనక పెడితే 6 కిలోలు తగ్గుతుంది. హుక్కు తేలికైపోతే ట్రైలర్ వేగంలో తోక ఊపుతుంది. మరీ బరువెక్కితే కారు హుక్కుకు రాసిన పరిమితి దాటుతుంది. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ మీద టో బార్ (హుక్కుకు తగిలే ట్రైలర్ ముందు కొస) ఆనించి, స్టెప్నీ పెట్టక ముందు, పెట్టాక తూచండి.

ఇక బిగింపు. టైరును కట్టకండి, రిమ్మును పట్టండి. రబ్బరు మీదుగా వేసిన బెల్టు ఎంత లాగి కట్టినా, కుదుపులకు రబ్బరు సర్దుకుని వదులవుతుంది. నేల నుంచి పైకి ఒక 12 ఎంఎం బోల్టు, రిమ్ము నడిమి రంధ్రంలోంచి వచ్చేలా. పైన రిమ్ముకు అడ్డంగా మందపాటి పలక, దాని మీద నట్టు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. చక్రం పడుకోబెట్టినప్పుడు నేలకు ఆనేది టైరు అంచు, రిమ్ము మధ్యభాగం గాలిలో ఉంటుంది. నట్టు బిగిస్తే నలిగేది మళ్ళీ రబ్బరే. అందుకే ఆ ఖాళీ కొలిచి, అంతకంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉండే గట్టి చెక్క దిమ్మను కింద పెట్టండి. అప్పుడు పట్టు రిమ్ముకూ దిమ్మకూ మధ్య పడుతుంది.

గుంతలో పడ్డప్పుడు బరువు ఐదింతలు అవుతుందని లెక్క వేసుకోండి, 75 కిలోలు. 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) బోల్టుకు అది ఏ మూలకూ రాదు. ఓడిపోయేది ట్రైలర్ నేల ప్లైవుడ్డు. చిన్న వాషరు పెడితే బోల్టు తల నేలను చీల్చుకుని పైకొస్తుంది. కింద 100 ఎంఎం చదరం, 3 ఎంఎం మందం ఇనుప పలక వేయాలి. పీణ్యాలో ఏ ఫాబ్రికేషన్ షాపులోనైనా కోసిస్తారు. స్క్రూలతో పని కానిచ్చేద్దామని వాళ్ళంటే ఒప్పుకోకండి. చేత్తో తిప్పే సీతాకోకచిలుక నట్టు ఒక్కటే పెడితే దారిలో తిరిగి ఊడుతుంది, బోల్టు చివర రంధ్రం చేయించి ఆర్ పిన్ను (R ఆకారంలో వంచిన తీగ పిన్ను) తగిలించండి.

డ్రిల్లు పెట్టే ముందు కిందికి దూరి బ్రేకు కేబులు, లైట్ల వైర్లు ఎక్కడున్నాయో చూడండి. ముందు 4 ఎంఎం, తర్వాత 13 ఎంఎం. రంధ్రం అంచుకు ఎపాక్సీ పూసి, ఆరాక పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ నింపాలి. లేకపోతే వానాకాలంలో నీళ్ళు ప్లైవుడ్డు పొరల్లోకి పాకి నేల ఉబ్బుతుంది. అల్యూమినియం నేలైతే ఇనుప పలకకు మధ్య రబ్బరు షీటు వేయండి. పక్క రేకుకు గానీ, తెరుచుకునే మూతకు గానీ స్టెప్నీ తగిలించకండి. రేకు అదిరి అదిరి పగులుతుంది, మూతను ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్లు ఆ బరువుకు లెక్కేసినవి కావు.

ఈ మధ్య కార్లలో స్టెప్నీ తీసేసి, టైరులోకి ద్రవం ఎక్కించి రంధ్రం మూసే పంక్చరు కిట్టు ఇస్తున్నారు. ట్రైలర్‌కు అది దండగ. వెనక టైరులో గాలి పోతే స్టీరింగుకు తెలియదు. మడ్‌గార్డుకు రబ్బరు పట్టీ టపటపా కొట్టుకునే చప్పుడో, వెనకవాడి హారనో వినేసరికి టైరు పీలికలై ఉంటుంది. అందులో ఏ ద్రవం పోస్తారు? ఎన్‌హెచ్ 48 పక్కన ఆపితే, ఒక్కో లారీ దాటినప్పుడల్లా ట్రైలర్ మొత్తం ఊగుతుంది. ఆ గాలిలో మూత ఎత్తి, రెక్క బయటికి లాగితే గానీ చేతికి అందని స్టెప్నీ ఉన్నా లేనట్టే. చిన్న తలుపులోంచి ఒక్క మనిషి చేయి పెట్టి తీసేలా ఉండాలి.

కారు స్టెప్నీ పనికొస్తుందనుకోకండి. కారుకు 4×100, ట్రైలర్‌కు 5×112 రంధ్రాల లెక్క (బోల్టు రంధ్రాలు ఎన్ని, అవి ఉన్న వలయం వ్యాసం ఎన్ని ఎంఎం) ఉండొచ్చు. పాత రిమ్మును జేసీ రోడ్డుకు తీసుకెళ్ళి జత చూసి కొనండి. టైరు మీద 94 అని ఉంటే 670 కిలోలు మోస్తుందని అర్థం. తేదీ నాలుగంకెలు, 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్ళు దాటితే, అరగకపోయినా మార్చేయండి. ఇంటి దగ్గరే ఒక టైరు గాలి తీసేసి జాకీ కిందకు దూరుతుందో లేదో చూడండి, చాలా జాకీలు దూరవు. పానా కూడా అప్పుడే పెట్టి చూసుకోండి. చక్రం మార్చాక 50 కిలోమీటర్లకు ఆగి బోల్టులు మళ్ళీ బిగించాలి.

స్టెప్నీకి కాన్వాసు సంచి కుట్టించండి. టైరు రబ్బరు ఆనుకుంటే గ్లైడర్ పైపూత అయిన తెల్లటి జెల్‌కోట్ మీద గోధుమరంగు మరక పడుతుంది, ఎంత రుద్దినా పోదు. ఊడదీసిన టైరు గాడుల్లో గులకరాళ్ళు, బురద ఉంటాయి కదా, అది లోపలికి వెళ్ళాల్సిందీ ఆ సంచిలోనే.