విమానాల మీద పరిశోధన చేయాలంటే ఏరోనాటికలే చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. విమాన ప్రయాణం ఇంకా సురక్షితంగా, తక్కువ కాలుష్యంతో జరిగేలా ప్రభుత్వ ల్యాబ్‌లో పరిశోధన చేస్తానంటోంది. ఏరోనాటికల్ తప్ప ఇంకో బ్రాంచి వద్దని పట్టుబట్టి కూర్చుంది. దానికి ఉద్యోగాలుండవని చుట్టాలంతా భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: టెన్షన్ పడకండి సార్. ముందు ఒక సంగతి. ఈ మాట ఎత్తగానే చాలామంది ఇస్రో అనేస్తారు, కానీ అది రాకెట్లు, ఉపగ్రహాల సంస్థ. మీ అమ్మాయి చెప్పే పని జరిగేది బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్‌లో. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కింద 1959 నుంచి ఉంది, ఎన్ఏఎల్ అంటారు. హంస, సరస్ విమానాలు అక్కడివే.

ఇప్పుడు అక్కడి పని ఒకటి చూడండి. పొగమంచులో విమానం దిగాలంటే రన్‌వే మీద ఎంత దూరం కనిపిస్తోందో పైలట్‌కి మీటర్లలో చెప్పాలి. అది కొలిచే 'దృష్టి' అనే పరికరాన్ని ఎన్ఏఎల్ తయారుచేసింది, మన ఎయిర్‌పోర్టుల్లో వాడుతున్నారు. రన్‌వే పక్కన ఒకచోట నుంచి వెలుగు వదులుతారు, కాస్త దూరంలో అందులో ఎంత చేరిందో కొలుస్తారు, దారిలో మంచు మింగిన వెలుగును బట్టి లెక్క తేలుతుంది. వినడానికి ఇంతే. కానీ అద్దం మీద దుమ్ము పేరుకున్నా వెలుగు తగ్గుతుంది కదా, అది మంచు కాదు దుమ్మేనని పరికరం ఎలా పట్టుకోవాలి? అక్కడే అసలు పరిశోధన మొదలవుతుంది, అది ఎలక్ట్రానిక్స్, ఆప్టిక్స్ తెలిసినవాళ్ల పని. ఇందులో రెక్కల డిజైన్ ఎక్కడుంది చెప్పండి?

ఇంధనం వైపు చూసినా అంతే. 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం 25 శాతం జీవ ఇంధనం కలుపుకుని ఎగిరింది, జట్రోఫా నూనె నుంచి ఆ ఇంధనం చేసింది డెహ్రాడూన్‌లోని మరో సీఎస్ఐఆర్ ల్యాబ్. అది కెమికల్ వాళ్ల ఇలాకా. అమెరికాలో నాసా అయితే పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు తమ పొరపాట్లను తామే రాసి పంపే ఏర్పాటును 1976 నుంచి నడుపుతోంది, పేర్లు తీసేసి, మనిషి ఎక్కడ తడబడుతున్నాడో వెతుకుతారు. దీనికి సైకాలజీ, స్టాటిస్టిక్స్ కావాలి.

కాబట్టి అమ్మాయిని ఏ బ్రాంచి అని కాదు, ఏ సమస్య అని అడగండి. గాలి ప్రవాహం, రెక్కలు, ఇంజిన్ అంటే ఏరోనాటికలే సరైనది, అయితే ఐఐటీల్లాంటి చోట సీటొస్తేనే. ఐఐటీ కాన్పూర్‌లో అయితే నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే పెద్ద విండ్ టన్నెలే ఉంది. ల్యాబ్ లేని కాలేజీలో పేరుకు ఏరోనాటికల్ చేసేకంటే మంచి కాలేజీలో మెకానికలో ఈసీఈయో చేసి ఎంటెక్‌లో ఇటు మళ్లడం ఎంతో నయం. మీ చుట్టాల భయం ఉత్తిదే అనను, బీటెక్‌తో ఆపేస్తే చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌లోనే తేలతారు.

సీఎస్ఐఆర్‌లో సైంటిస్టు కావాలంటే ఎంటెక్ గానీ పీహెచ్‌డీ గానీ ఉండాల్సిందే. గేట్ రాసి ఎంటెక్, ఆ తర్వాత ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ, అది కూడా ఆ ల్యాబుల్లోనే, డిగ్రీలిచ్చే ఏసీఎస్ఐఆర్ అనే వాళ్ల అకాడమీ ద్వారా చేయొచ్చు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇంట్లో అమ్మాయి సంపాదన త్వరగా కావాలంటే ఈ దారి కష్టం, ఆ మాట ఇప్పుడే ఆమెతో కూర్చుని మాట్లాడేయండి.

ఇంకోటి, ఈ సెలవుల్లో ఒక ప్రమాద విచారణ నివేదిక చదివించండి, మన దేశంలో విమాన ప్రమాదాలను విచారించే ఏఏఐబీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 2020 కోళికోడ్ విమాన ప్రమాదానిది తీసుకుంటే వైపర్ల దగ్గర్నుంచి వర్షం, రన్‌వే, పైలట్ల నిర్ణయాల దాకా అన్నీ ఉంటాయి. అన్నీ అర్థం కానక్కర్లేదు. ఏ భాగం దగ్గర ఆగి ప్రశ్నలు వేస్తుందో గమనించి, బ్రాంచి సంగతి అప్పుడు తేల్చుకోండి.