తేళ్లకీ నోట్లకీ యూవీ టార్చ్: 365 తీసుకోవాలా, 395 తీసుకోవాలా?

మీకు మూడు పనులున్నాయన్నారు. ఊళ్లో ఇంటి చుట్టూ రాత్రిపూట తేళ్లు చూసుకోవాలి, కొట్టులో ఐదొందల నోట్లు చూసుకోవాలి, వీలైతే గోదాములో ఎలుకల జాడ పట్టాలి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందల టార్చ్ నుంచి వేల రూపాయల టార్చ్ దాకా అన్నిటి మీదా ‘యూవీ’ అనే రాసి ఉంది, ఏది కొనాలో తేలడం లేదన్నారు. మాది కదిరి దగ్గర పల్లె. ఇంటి వెనక రాతిగోడ, పక్కనే శెనక్కట్టె వామి, రోడ్డు మీద మా అన్న కిరాణా కొట్టు. కొన్నేళ్లుగా ఈ టార్చ్ మా ఇంట్లో రోజూ చేతిలో ఉండే వస్తువు. రెండు రకాలూ వాడాను కాబట్టి సూటిగా చెప్తున్నాను: 365 నానోమీటర్లది (ఈ అంకె టార్చ్ వదిలే కిరణం తరంగదైర్ఘ్యం, 395 అన్నా అదే కొలత), ముందు నల్లటి ఫిల్టర్ గాజు ఉన్నది తీసుకోండి. ఎన్ని వాట్లు, ఎన్ని ఎల్‌ఈడీలు అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకో చెప్తాను. మామూలు టార్చ్‌తో మనం వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుగును చూస్తాం. యూవీ టార్చ్‌తో అలా కాదు. కంటికి కనపడని కిరణాన్ని వస్తువు పీల్చుకుని, దాన్ని కంటికి కనపడే రంగుగా మార్చి బయటికి వదులుతుంది. మనకు కావాల్సింది ఆ రంగు ఒక్కటే, టార్చ్ వెలుగు కాదు. మన కంటి చూపు దాదాపు 400 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది. 395 ఎల్‌ఈడీ ఆ గీత పక్కనే ఉంటుంది కాబట్టి దాని వెలుగులో చాలా భాగం ఊదారంగుగా కనపడిపోతుంది. గోడ, నేల, చెయ్యి అన్నీ ఊదాగా అయిపోతాయి. వస్తువు ఇచ్చే సన్నటి మెరుపు అందులో మునిగిపోతుంది. తిరునాళ్లలో మైకు పక్కన నిలబడి ఎవరో చెవిలో చెప్పే మాట వినాలనుకున్నట్టు ఉంటుంది.

365 దగ్గర ఆ గోల ఉండదు. అయితే 365 ఎల్‌ఈడీ కూడా కొంచెం తెల్లటి, నీలపు వెలుగును వదులుతుంది. దాన్ని ఆపడానికే ముందు ఆ నల్లగాజు. అమ్మేవాళ్లు దాన్ని జడ్‌డబ్ల్యూబీ2 ఫిల్టర్ అని రాస్తారు. అది ఉంటే ఖాళీ గోడ మీద టార్చ్ వేసినా దాదాపు ఏమీ కనపడదు, మెరిసే వస్తువు మాత్రం చీకట్లోంచి తేలి వస్తుంది. ఫిల్టర్ ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పెట్టి చూస్తే, నోట్ల దగ్గర ముఖ్యంగా, తేడా బాగా తెలుస్తుంది.

ఇక తేళ్లు. ఈ టార్చ్ కొనడానికి ఇదొక్కటే కారణమైనా చాలు అంటాను. తేలు పైపెంకులో ఉండే కొన్ని పదార్థాల వల్ల అది యూవీ కింద పచ్చ నీలం కలిసిన రంగులో మెరుస్తుంది. ఎర్రతేలైనా, నల్లటి మండ్రగబ్బైనా అంతే. మామూలు టార్చ్‌తో పక్కనుంచి నడిచిపోయినా కనపడని తేలు, ఇందులో కొన్ని అడుగుల దూరం నుంచే ఆకారంతో సహా కనపడుతుంది. 395 టార్చ్‌తో కూడా తేలు మెరుస్తుంది, అది నిజం. తేళ్ల కోసం మాత్రమే అయితే చవక టార్చ్‌తో పని గడుస్తుంది. కానీ దగ్గరికి వెళ్లి చూడాల్సి వస్తుంది, తేలు విషయంలో ఆ దగ్గరే వద్దనుకుంటాం కదా.

వాడేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. అమావాస్య పక్కల, వెచ్చటి రాత్రుల్లో, వీధిలైటు ఆర్పేసి చూడండి. నిండు వెన్నెల్లో మెరుపు అంతగా తెలియదు, తేళ్లు కూడా తక్కువగా బయటికొస్తాయి. గోడ కింది భాగం, బండల సందులు, కట్టెల కుప్ప, స్నానాల గది తూము, బయట వదిలిన చెప్పులు, ఇవి ముందు చూడండి. ఎరువుల సంచి దారాలు, ప్లాస్టిక్ ముక్కలు, సబ్బుపొడితో ఉతికిన గుడ్డ కూడా మెరుస్తాయి గానీ, అవి తెల్లటి నీలం. తేలు రంగులో పచ్చదనం ఉంటుంది. ఒకటి రెండు రాత్రులు చూస్తే కన్ను అలవాటు పడుతుంది. చేతిలో పొడుగాటి పట్టకారు, కాళ్లకు బూట్లు ఉండాలి. వెంట మామూలు టార్చ్ కూడా తప్పనిసరి, ఎందుకంటే యూవీ వెలుగులో పాము మెరవదు, గుంత కనపడదు.

ఇంకో ముఖ్యమైన మాట: అప్పుడే కుబుసం విడిచిన తేలు మెరవదు. పెంకు గట్టిపడేకొద్దీ ఆ మెరుపు వస్తుంది. కాబట్టి టార్చ్‌లో ఏమీ కనపడలేదని పిల్లల్ని వట్టి కాళ్లతో పంపకండి. చెప్పులు దులిపి వేసుకునే అలవాటు, పక్కబట్టలు విదిలించే అలవాటు అలాగే ఉండాలి. ఎర్రతేలు కుట్టి ఒళ్లంతా చెమటలు పట్టడం, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం కనపడితే మంత్రాల దగ్గరా పసర్ల దగ్గరా గంటలు పోగొట్టకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలకు అది ప్రాణం మీదికొస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఎర్రతేలు కాటుకు ప్రజోసిన్ అనే మందు వాడి ఎందరినో బతికించారు. ఆ వైద్యం ఇప్పుడు మన దగ్గరా తెలిసిందే. సమయానికి చేరడమే మన వంతు.

నోట్ల సంగతికొస్తే, ఇక్కడ 365 తప్పనిసరి. అసలు ఐదొందల నోటు మీద యూవీ వేస్తే కాగితం మసగ్గానే ఉంటుంది. నంబర్లు రాసిన చోట సిరా మెరుస్తుంది, కాగితంలో అక్కడక్కడా చల్లినట్టున్న సన్నటి పోగులు మెరుస్తాయి. మామూలు తెల్లకాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉంటుంది, అందుకే దాని మీద అచ్చేసిన దొంగనోటు మొత్తంగా నీలం తెలుపుగా వెలిగిపోతుంది. 395 టార్చ్ కింద ఊదారంగు అంతా కమ్మేసి ఈ తేడా సరిగ్గా పట్టుకోలేం.

కానీ యూవీ ఒక్కదాన్నే నమ్మి ఎవరి మొహాన నోటు కొట్టకండి. చొక్కా జేబులో మరిచిపోయి సబ్బుపొడిలో ఉతికిన మంచి నోటు కూడా తెల్లగా మెరుస్తుంది. మా అన్న కొట్టుకు కూలీలు, ముసలివాళ్లు అలాంటి నోట్లు తెస్తూనే ఉంటారు. వాళ్లను పదిమందిలో దొంగల్ని చూసినట్టు చూడటం నాకు అస్సలు నచ్చదు. అనుమానం వస్తే నోటు వంచి చూడండి: దారం పచ్చ నుంచి నీలానికి మారుతుంది. వెలుతురుకు ఎత్తి గాంధీ నీడబొమ్మ చూడండి, వేలితో తడిమి ఉబ్బెత్తు అచ్చు చూడండి. అన్నీ కలిపి చూసి అప్పుడు మాట్లాడండి.

ఎలుకల మూత్రం ఎండిన చోట నీలం తెలుపు, పసుపు కలిసిన మరకలు కనపడతాయి. గోడ వెంబడి వరసగా చుక్కలుంటే అది వాటి దారి అని తెలిసిపోతుంది, బోను అక్కడే పెట్టండి. సబ్బునీళ్ల మరకలూ మెరుస్తాయి కాబట్టి పెంటికలు, కొరికిన గుర్తులు కూడా పక్కన ఉన్నాయేమో చూసి నిర్ధారించుకోండి. కారు ఏసీ లీకు పట్టడానికి మెకానిక్‌లు వేసే రంగు చాలా గట్టిగా మెరుస్తుంది కాబట్టి దానికి 395 కూడా సరిపోతుంది. పసుపు కళ్లజోడు పెట్టుకుంటే ఇంకా బాగా కనపడుతుంది.

శెనక్కాయల్లో బూజు విషం, అంటే అఫ్లాటాక్సిన్, ఈ టార్చ్‌తో తెలుసుకోవచ్చని కొందరు చెప్తారు. మా వైపు అందరి బతుకూ ఆ పంట మీదే, అందుకే దీని గురించి గట్టిగా చెప్తున్నాను: నమ్మకండి. మొక్కజొన్నలో, పత్తిగింజలో ఆ బూజు పట్టినప్పుడు పచ్చ పసుపు మెరుపు వస్తుంది, దాన్ని చూసి అనుమానపు గింజల్ని పరీక్షకు పంపుతారు. అక్కడ కూడా అది అనుమానమే, లెక్క కాదు. శెనక్కాయల్లో ఆ మెరుపును నమ్మడానికి లేదు. టార్చ్ కింద ఏమీ మెరవలేదని ముక్కిపోయిన, ముడుచుకుపోయిన విత్తనాలను ఇంట్లో నూనె ఆడించుకోకండి, చంటిపిల్లలకు పెట్టకండి. ఎంత ఉందో తేల్చేది ల్యాబ్ పరీక్షే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ దీనికోసం తక్కువ ఖర్చులో అయ్యే పరీక్ష కిట్లు తయారుచేసింది కూడా.

అలాగే 365 గానీ 395 గానీ క్రిములను చంపే టార్చ్ కాదు. కరోనా రోజుల్లో అలా చెప్పి చాలా అమ్మారు. ఆసుపత్రుల్లో వాడే క్రిమిసంహారక దీపాలు 254 నానోమీటర్ల దగ్గర పనిచేస్తాయి, అవి చర్మానికీ కంటికీ తగలకూడనివి. వాటికీ వీటికీ సంబంధం లేదు.

కొనేటప్పుడు బ్యాటరీ చూడండి. మంచి 365 టార్చ్‌లు ఎక్కువగా 18650 అనే లిథియం సెల్‌తో నడుస్తాయి. ఆ సైజు సెల్ నిజంగా ఇవ్వగలిగింది 3500 ఎంఏహెచ్ దరిదాపుల్లోనే. దాని మీద 9900 అని రాసి ఉంటే అబద్ధం, అలాంటి సెల్ టార్చ్‌తో ఉచితంగా వచ్చినా పక్కన పెట్టి పేరున్న కంపెనీది వేసుకోండి. ముందు గాజు నిజంగా గాజేనా అని అడగండి. కొన్ని రకాల ప్లాస్టిక్ లెన్సులు 365 కిరణాన్ని తామే మింగేస్తాయి. తేళ్లకు వెడల్పుగా పరుచుకునే వెలుగు మంచిది, సన్నగా దూరం కొట్టేది అక్కర్లేదు. ఒక్క ఎల్‌ఈడీ ఉన్న టార్చ్ సరిగ్గా చేసింది అయితే, యాభై ఎల్‌ఈడీల చవక టార్చ్ కంటే బాగా పనిచేస్తుంది. వేడెక్కుతుంది కాబట్టి కొన్ని నిమిషాలు వాడి కాసేపు ఆపండి.

కళ్లు మాత్రం జాగ్రత్త. ఇందులో నేనెవరితోనూ రాజీపడను. 365 వెలుగు కంటికి మసగ్గా ఉంటుంది, అందుకే కనుపాప ముడుచుకోదు, మనమూ తల తిప్పుకోము. కిరణం మాత్రం పూర్తి బలంతో లోపలికి పోతుంది. పిల్లల చేతికి ఇవ్వకండి, అద్దం మీద, స్టీలు గిన్నెల మీద వెయ్యకండి. యూవీ400 అని రాసిన పాలికార్బనేట్ కళ్లజోడు పెట్టుకోండి, కొట్టులో కూర్చుని రోజంతా నోట్లు చూసేవాళ్లయితే మరీ ముఖ్యం. కళ్లజోడు పనిచేస్తుందో లేదో చూడటం తేలిక: టార్చ్‌కీ ఐదొందల నోటుకీ మధ్య దాని అద్దం అడ్డం పెట్టండి. నంబర్ల మెరుపు ఆగిపోతే అద్దం కిరణాన్ని ఆపుతున్నట్టు.

పార్సిల్ రాగానే, రిటర్న్ గడువు ఉండగానే, గది చీకటి చేసి టార్చ్‌ను కూడా ఇలాగే పరీక్షించండి. సున్నం గోడ మీద వేస్తే ఊదారంగు పెద్ద మచ్చ కనపడితే డబ్బా మీద ఏం రాసి ఉన్నా అది 395 జాతిదే. గోడ దాదాపు చీకటిగా ఉండి, అదే వెలుగులో ఉతికిన తెల్లచొక్కా భగ్గుమని, నోటు మీద నంబర్లు స్పష్టంగా వెలిగితే మీకు కావాల్సిందే వచ్చింది. లేదంటే మొహమాటపడకుండా వెనక్కి పంపేయండి. డబ్బాల మీద 365 అని అచ్చేసి 395 పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలుగా జరుగుతోంది.