వినైల్ లైనర్ ఒక్కటే మార్చాలా, అడుగు కూడా తిరిగి వేయించాలా?

కరీంనగర్ దగ్గరి మీ తోటలోని ఈత కొలనుకు తొమ్మిదేళ్ల కిందట వేసిన వినైల్ లైనర్, అంటే నీళ్లు నిలవడానికి కొలను లోపల పరిచే ప్లాస్టిక్ షీటు, మెట్ల దగ్గర చిరిగిందని, అడుగున నడిస్తే కాలికి ఎగుడుదిగుడులు తగులుతున్నాయని రాశారు. కొత్త లైనర్ వేస్తే సరిపోతుందా, అడుగును కూడా తవ్వించాలా, ఏ నెలలో పని పెట్టుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు. కాలికి తెలిసేంత ఎగుడుదిగుడు ఉంటే అడుగును తిరిగి వేయించక తప్పదు. నేను ఈ సంగతి రెండుసార్లు డబ్బు పోసి తెలుసుకున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మాది వరంగల్ పక్కన ధర్మసాగర్ దగ్గరి చెల్క భూమి, మామిడి తోట. పిల్లల కోసం 2011లో అక్కడ 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో కొలను కట్టించాము. లోతు ఒక చివర మూడున్నర అడుగులు, రెండో చివర ఐదు అడుగులు. నిండితే దాదాపు 35 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. గోడలు సిమెంటు ఇటుకలతో కట్టి గిలాబు చేసినవి. వాటి పైన అల్యూమినియం పట్టీ ఉంటుంది, ఆ పట్టీ గాడిలో లైనర్ అంచు ఇరుక్కుంటుంది. గోడలకు ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు అడుగున మాత్రం మొరం పోసి తొక్కించి, పైన రెండంగుళాల ఇసుక సిమెంటు మాలు పరిచి చేతులు దులుపుకున్నారు.

2019లో మొదటి లైనర్ రంగు వెలిసి పెళుసెక్కింది. అడుగు అక్కడక్కడ లేచిపోయి ఉన్నా, నీళ్లు నింపితే అన్నీ సర్దుకుంటాయని కాంట్రాక్టరు అన్నాడు, మేమూ సరేనని దాని మీదే కొత్త లైనర్ వేయించాము. కానీ ఐదు అడుగుల నీళ్లు ప్రతి చదరపు మీటరు మీద సుమారు ఒకటిన్నర టన్నుల బరువుతో కూర్చుంటాయి. ముప్పావు మిల్లీమీటరు మందం గల షీటును అంత బరువు అదిమితే, కింద ఉన్న ప్రతి గులక, ప్రతి పగులు అంచు పైకి అచ్చు పడతాయి. నెల తిరగకముందే పొద్దుటి ఏటవాలు ఎండలో అడుగంతా మశూచి మచ్చల ముఖంలా కనిపించింది.

రెండో ఏడు లోతు తక్కువ వైపున షీటు మీద పాలిపోయిన సూది మొన లాంటిది కనబడితే, పాచి అనుకొని బ్రష్‌తో రుద్దాను. పోలేదు. వేలు పెట్టి చూస్తే గుచ్చుకుంది. అది తుంగ మొలక. వ్యవసాయం తెలిసిన వారికి తుంగ గురించి వేరే చెప్పనక్కర లేదు. గడ్డ మట్టిలో మిగిలి ఉన్నంత కాలం వెలుతురు లేకపోయినా మొలక పైకి వస్తూనే ఉంటుంది, పగులు దొరికితే మాలులోంచి, ఆ తరువాత వినైల్‌లోంచి కూడా పొడుచుకొని వస్తుంది. ఆ ఏడాది అటువంటి రంధ్రాలు పదకొండు అతికించాము.

అసలు దెబ్బ 2023 జులై చివరి వారం వానలకు తగిలింది. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు మా ధర్మసాగర్ రిజర్వాయరులోకి వచ్చినప్పుడే తోట బావిలో నీటి మట్టం పెరుగుతుంది. ఆ వారం ఆకాశం కూడా చిల్లు పడినట్టు కురిసింది. సరిగ్గా అప్పుడే అతుకుల పని కోసం కొలనులో సగం నీళ్లు తోడి ఉంచాము. బయటి భూగర్భ జలం లోపలి నీటికన్నా ఎత్తుకు చేరింది, అది అడుగు పగుళ్లలోంచి షీటు కిందికి వచ్చి దాన్ని పొంగిన పూరీలా లేపింది. నీళ్లు దిగిపోయాక షీటు మళ్లీ పడిందే గాని ముడుతలు ముడుతలుగా పడింది, ఎంత లాగినా చదును కాలేదు.

కాబట్టి నెల విషయంలో నా అభిప్రాయం గట్టిది. జూన్ నుంచి అక్టోబరు వరకు కొలనును ఖాళీ చేయకండి. మా వైపైనా మీ వైపైనా ఆ నెలల్లో భూమి నీళ్లతో నిండి ఉంటుంది, లోపలి నీటి ఆసరా పోతే షీటు లేస్తుంది, గోడలు కూడా బయటి మట్టి ఒత్తిడికి లోపలికి ఒరగవచ్చు. భూగర్భ జలం మే నెలలో అన్నిటికన్నా లోతున ఉంటుంది గాని, 44 డిగ్రీల ఎండలో వినైల్ మెత్తబడి కావలసినదానికన్నా ఎక్కువ సాగుతుంది, కొత్త మాలు తడి నిలవక నెర్రెలు వారుతుంది. ఫిబ్రవరి ఈ రెండు బాధలకూ మధ్యన ఉన్న నెల. మేము 2024 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టాము.

పాత లైనర్‌ను రెండడుగుల పట్టీలుగా కోసి చుట్టి బయట వేశాము. అడుగును చిన్న సుత్తితో జానెడుకొకచోట తట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చినచోటల్లా సుద్దతో గీత గీయించాను. గీతలు కలిసేసరికి సగానికి పైగా అడుగు డొల్లేనని తేలింది. అతుకులు మానుకొని మొత్తం పగలగొట్టించాము. తుంగ కనిపించినచోట అడుగున్నర లోతు తవ్వి, మట్టిని జల్లెడ పట్టి గడ్డలు ఏరించాము. ఇది విసుగు పుట్టించే పని, కూలీలు నవ్వుకున్నారు కూడా, కానీ తుంగ ఆ తరువాత రాలేదు. లోతు వైపున గుంట తీసి, కంకర నింపి, రంధ్రాలు పెట్టిన నాలుగంగుళాల పైపుకు జాలి చుట్టి అందులో పడుకోబెట్టి, దాని ఒక కొసను గోడ బయటి నుంచి గట్టు మీదికి తెచ్చాము. వానాకాలంలో ఆ పైపులోకి తాడు వదిలి కింద నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తాము, ఎక్కువైతే మోటారు పెట్టి తోడేస్తాము. మీ తోట చెరువు దగ్గరో కాలువ దగ్గరో ఉంటే ఈ ఒక్క పైపును మాత్రం వదలకండి.

తరువాత మొరం తడిపి దిమ్మిసతో కొట్టించి, మూడంగుళాల కాంక్రీటు వేసి, దాని మీద సన్న జల్లెడ పట్టిన మానేరు ఇసుక నాలుగు పాళ్లకు సిమెంటు ఒక పాలు చొప్పున కలిపి అంగుళం మందాన మాలు వేయించాము. వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పలుకులు కలిపిన సిమెంటు వేస్తే అడుగు కాలికి మెత్తగా ఉంటుంది, కానీ మా సుతారికి అది చేతికి అలవాటు లేని సరుకు, అందుకే తెలిసిన దానితోనే చేయించాను. గోడ, అడుగు కలిసే మూలను మాత్రం నాలుగంగుళాల మేర గుండ్రంగా తిప్పించండి. అక్కడ నిటారు మూల ఉంటే షీటు వెనుక ఖాళీ మిగిలి, నీటి బరువుకు అక్కడే సాగి చిరుగుతుంది. మీ మెట్ల దగ్గరి చిరుగుకు కూడా కారణం ఇదేనేమో చూసుకోండి. పది రోజులు గోనె సంచులు కప్పి తడిపాము.

అడుగు చదునును పగటి వెలుతురు చూపించదు. రాత్రి ఎనిమిది గంటలకు టార్చిలైటును అడుగు మీద పడుకోబెట్టి వెలిగించాను. పగలు అద్దంలా అనిపించిన చోట తాపీ అంచు గీతలు, ఇసుక రేణువులు, ఒకచోట సుతారి మోకాలి గుంట కూడా పొడుగాటి నీడలతో బయటపడ్డాయి. వాటిని సానరాయితో అరగదీయించి, ఊడ్చి, మళ్లీ టార్చి పెట్టి చూసి, అప్పుడు షీటు కింద మెత్తగా ఉండేందుకు జియోటెక్స్‌టైల్ అనే సింథటిక్ గుడ్డను, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) గలది, పరిచాము.

కొలతలు అడుగు పూర్తయిన తరువాతే ఇవ్వండి, ముందు ఇచ్చినవి పనికిరావు. పొడవు వెడల్పులతో పాటు రెండు కర్ణాలూ కొలవాలి. 24కు 12 అయితే ప్రతి కర్ణం 26 అడుగుల 10 అంగుళాలు రావాలి. మాకు ఒకటి అంగుళంన్నర ఎక్కువ వచ్చింది, అంటే మా కొలను మూలలు మూలమట్టానికి లేవని పదమూడేళ్లకు తెలిసింది. ఆ తేడా చెప్పకుండా షీటు తెప్పిస్తే ఒక మూల ముడుత, ఎదురు మూల లాగుడు తప్పవు. అంచు పట్టీ లేని కొలనులకు ఒకటిన్నర మిల్లీమీటరు దళసరి పీవీసీ షీటును అక్కడికక్కడే వేడిగాలితో అతికించే పద్ధతి ఉంది. మీ పట్టీ తుప్పుపట్టి వంగిపోయి ఉంటే దాని గురించి ఆలోచించవచ్చు.

షీటు వేసే రోజు తొమ్మిది గంటల ఎండలో ఒక గంట పరిచి మెత్తబడనిచ్చి, గాడిలో ఎక్కించి, వెనుక గాలిని వ్యాక్యూమ్ యంత్రంతో లాగేశాము. లోపల తిరిగిన ఇద్దరూ మేజోళ్లతోనే తిరిగారు. నీళ్లు అర అడుగు చేరేవరకు అరికాళ్లతో ముడుతలను గోడల వైపు తోసి, అప్పుడు అడుగు డ్రెయిన్ బిగించాము. నీళ్లు వచ్చిపోయే గోడ పైపుల దగ్గర షీటుకు పెట్టే రంధ్రాలను మాత్రం నీళ్లు వాటి కింది అంచు దాకా చేరిన తరువాతే కోయాలి; ముందే కోస్తే షీటు సాగి రంధ్రం పక్కకు జరుగుతుంది. ట్యాంకరు ధార నేరుగా షీటు మీద పడకుండా పైపు కొసకు గోనె సంచి కట్టాము.

నిండాక నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార గుణాల కొలతను, 7.2 నుంచి 7.6 మధ్య ఉంచుకోండి. బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ నేరుగా చల్లకండి, అడుగున పేరుకున్నచోట షీటు తెల్లబడుతుంది. బకెట్టులో కలిపి, తేరిన నీటిని మాత్రమే పోయాలి. డ్రెయిన్, రంధ్రాల దగ్గర కోసిన గుండ్రటి ముక్కలను పారేయకుండా దాచండి. మామిడికాయలు కోసే చిక్కం కొక్కెం తగిలి పోయినేడు పడిన చిరుగును, నీటిలో పనిచేసే వినైల్ జిగురుతో అటువంటి ఒక ముక్కనే అతికించాను. రంగు, మందం కలిసిపోయి ఎక్కడ అతికించానో వెతుక్కోవలసి వస్తున్నది.