డ్రైనేజీ లైన్లో చెట్టు వేర్లు: యాసిడ్ పోయకండి, చెట్టు కొట్టకండి

మూడు నెలలకోసారి లైన్ జామ్ అవుతోందని, వెదురుబద్దలు పెట్టి తీస్తే వేర్లు వస్తున్నాయని, పక్కింటివాళ్ళు యాసిడ్ పోయమంటే ప్లంబర్ చెట్టు కొట్టించమంటున్నాడని రాశారు. ఆ రెండు పనులూ చేయకండి. మేం రెండేళ్ళు అచ్చం ఇదే బాధ పడ్డాం.

మాది మల్కాజిగిరిలో మా మామగారు 1986లో కట్టించిన ఇల్లు. అప్పట్లో వేసినవి స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులు. రెండేసి అడుగుల ముక్కలు, ముక్క ముక్కకీ సిమెంటు జాయింటు. ఇంటి వెనక ఛాంబర్ నుంచి గేటు దగ్గర ఛాంబర్‌కి 18 అడుగులు, ఆ లైన్ పక్కనే ఆయన నాటిన వేపచెట్టు. మొదట ఫ్లష్ చేసినప్పుడల్లా బాత్రూమ్ జాలీలో గుడగుడమని చప్పుడొచ్చేది. రెండు రోజులు తిరిగేసరికి అదే జాలీలోంచి మురికినీళ్ళు పైకి తన్నేవి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ నీళ్ళలో ఎక్కడ జారిపడతారోనని పొద్దున్న లేస్తూనే టెన్షన్.

బద్దలతో పొడిస్తే వేర్ల మధ్యలో చిన్న కంత పడుతుంది. నీళ్ళు బరబరా పోతాయి, మనం డబ్బులిచ్చి పంపేస్తాం. వేరు మాత్రం అక్కడే ఉంటుంది. కత్తిరించిన గోరింట కంచె ఇంకా గుబురుగా చిగిర్చినట్టు తెగిన చోటే నాలుగు పిలకలేస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ వస్తోంది.

ఆఖరికి కొసన కట్టర్ ఉన్న స్ప్రింగ్ మెషిన్ తెప్పించాం. అది బయటికి లాక్కొచ్చినదాన్ని చూసి నోట మాట రాలేదు. మూరెడు పొడవున, అచ్చం సవరంలా ఉంది. సబ్బు జిడ్డు, తలవెంట్రుకలు, అన్నం మెతుకులు అందులో గడ్డకట్టి ఉన్నాయి. దాన్ని పారేసి ఊరుకోకుండా ఒక పని చేశాం, మీరూ చేయండి. స్ప్రింగ్ లోపల వేర్లకి తగిలి ఆగినప్పుడే, ఛాంబర్ అంచు దగ్గర దానికి గుడ్డపీలిక కట్టించాం. బయటికి తీశాక ఆ పీలికని ఛాంబర్ అంచున పెట్టి, లైన్ మీదుగా నేలమీద పరిచి చూస్తే కొస సరిగ్గా వేపచెట్టు పక్కకొచ్చింది. అక్కడే తవ్వించాం.

రెండున్నర అడుగుల లోతులో పైపు కనబడింది. జాయింటులో సిమెంటు రాలిపోయి సన్నటి చీలిక ఉంది. బయట చిటికెన వేలంత లావున్న వేరు, ఆ చీలికలో దూరే చోట రిబ్బనులా చదునైపోయి, లోపలికి వెళ్ళాక మళ్ళీ వందల పోగులుగా విచ్చుకుంది. చెట్టేమీ పైపును పగలగొట్టలేదండీ. కారుతున్న జాయింటు దగ్గర తడి దొరికింది, వేరు అటు పోయింది.

మేస్త్రి ఆ ఒక్క ముక్క మార్చేస్తే చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. పాత పైపుకీ కొత్త పైపుకీ మధ్య అతుకే రేపు ఇంకో వేరుకి దారి. ఛాంబర్ నుంచి ఛాంబర్ దాకా మొత్తం మార్పించాం. భూమిలో డ్రైనేజీకి వేసే నాలుగంగుళాల పీవీసీ పైపు (దానిమీద ఐఎస్ 15328 అని ఉంటుంది, చూసి తీసుకోండి) 20 అడుగుల పొడవు దొరుకుతుంది. మా దూరం 18 అడుగులే కాబట్టి మధ్యలో అతుకే లేదు. మీది ఇంకా దూరమైతే రబ్బరు రింగు జాయింటు వేయించండి. వాలు 10 అడుగులకి మూడంగుళాలు ఉండాలి. అడుగున ఇసుక పరిపించండి. ఇంకొకటి, పీవీసీకి సిమెంటు సరిగా పట్టదు. ఛాంబర్ గోడలోకి వెళ్ళే కొసలకి పైపు సొల్యూషన్ పూసి, ఇసుక చల్లి, ఆరాక సిమెంటు చేయించాం. అది వదిలేస్తే వేరు ఆ సందులోంచే వస్తుంది.

తవ్వేటప్పుడు సన్న వేర్లు రంపంతో కోయించాం. మణికట్టంత లావుది ఒకటి అడ్డొస్తే ముట్టుకోనివ్వలేదు, దాని కిందనుంచి పైపు దూర్చాం. మొదలు దగ్గర లావు వేర్లు నరికితే గాలివానకి చెట్టే ఇంటిమీద పడొచ్చు. పైపులు, కూలీ అంతా కలిపి 16 వేలైంది. ఇప్పటికి మూడు వానాకాలాలు గడిచాయి, ఛాంబర్ మూత తీస్తే నీళ్ళు ధారగా పోతున్నాయి. వేప అలాగే ఉంది, పచ్చగా. చెట్టు కొట్టాలన్నా ఊరికే కుదరదు, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. పైగా వేపని నరికితే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది, లైన్ ఎప్పటిలాగే కారుతూనే ఉంటుంది.

యాసిడ్ వేరు కొసని మాడుస్తుందేమోగానీ సిమెంటు జాయింట్లని తినేస్తుంది. అంతకుముందు బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణాంతకం. మైలుతుత్తం కూడా కొందరు చెబుతారు. మీది సెప్టిక్ ట్యాంకైతే మురుగుని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల్ని అది చంపేస్తుంది.

పని ఎంత తొందరైనా లోతైన మ్యాన్‌హోల్లోకిగానీ సెప్టిక్ ట్యాంకులోకిగానీ మనిషిని దించకండి. ఎవరైనా "నేను దిగుతా" అన్నా ఒప్పుకోకండి. అక్కడి విషవాయువుకి రెండు క్షణాల్లో స్పృహ తప్పుతుంది. అలా దించడం 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా. జామ్ మీ గేటు బయట రోడ్డు మ్యాన్‌హోల్లో ఉందనిపిస్తే, హైదరాబాదులో ఉంటే జలమండలి (నీళ్ళు, డ్రైనేజీ చూసే బోర్డు) 155313కి ఫోన్ చేయండి, మెషిన్ పంపిస్తారు. అది తెలుసుకోవడం తేలికే: గేటు దగ్గర ఛాంబర్ మూత తీయండి. అది కూడా నిండి ఉంటే జామ్ రోడ్డు వైపు. అది ఖాళీగా ఉండి వెనక ఛాంబర్ నిండి ఉంటే, వేరు మీ వాకిట్లోనే ఉంది.