కట్ట అడుగున బురద ఊట: మట్టితో మూయకండి

బెంగళూరు పక్కన హోస్కోట దగ్గర మీ ఊరి చెరువు కట్ట వెనకాల అడుగున బురదనీళ్ళు ఊరుతున్నాయని, ఊళ్ళోవాళ్ళు బంకమట్టితో పూడ్చేద్దామంటున్నారని రాశారు. దయచేసి ఇప్పుడే ఫోన్ చేసి ఆపించండి.

ఆ ఊట నీటిని గాజుగ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచమనండి. తేటగా ఉంటే కంగారు లేదు, మట్టికట్ట కాస్త చెమ్మగిల్లడం సహజమే. మీరు చెప్పినట్టు అది బురదే అయి గ్లాసు అడుగున మట్టి పేరుకుంటే మాత్రం నీరు కట్ట లోపలి మట్టిని మోసుకొస్తోంది, బుంగ పడుతోంది. బయట మూసేస్తే ఒత్తిడి పెరిగి ఇంకోచోట చీల్చుకుంటుంది. నీరు పోవాలి, మట్టి ఆగాలి. అందుకని ఊట మీద ముందు ముతక ఇసుక, దానిపై చిన్న కంకర, ఆపైన పెద్ద రాళ్ళు పరవండి. వరస తారుమారు కాకూడదు. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి కొంత నీరు నిలబెడితే జోరు తగ్గుతుంది.

తూము తెరిచి మట్టం మెల్లగా దించండి. ఒక్కసారిగా దించితే లోపలి వాలు జారుతుంది. అలుగుకు, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటుకు, చేపల కోసం ఎవరైనా అడ్డు కట్టి ఉంటే తీయించండి. చిన్న నీటిపారుదల శాఖ ఇంజనీరుకు ఇవాళే కబురు చేయండి.

1976 జూన్ 5న అమెరికాలో టీటన్ మట్టి ఆనకట్టకు ఉదయం బురద ఊట కనిపించింది, మధ్యాహ్నానికల్లా తెగిపోయింది. మీది చిన్న కట్టే, కానీ కింద ఇళ్ళున్నాయన్నారు. ఊట పెరిగినా, రంగు చిక్కబడినా ముందు ఆ ఇళ్ళు ఖాళీ చేయించండి. నేను వైట్‌ఫీల్డ్‌లోనే ఉంటాను, రమ్మంటే వస్తాను.